అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌గారూ, పౌరసత్వపు చర్చా

మన సొసైటీ సావనీరులో ఏటేటా ఒక పెద్దమనిషి జీవితం వేయడం ఆనవాయితీ. మామూలుగా మన వాళ్ళలో ఒకరిని తీసుకుంటాము. ఈసారి మేము నెల్లూరు జిల్లాలో గుడి పూజారి ఇంట పుట్టిన ఒక వకీలుసాబు పేరు చెప్పేసరికి కార్యదర్శిగారు కాస్త ఆశ్చర్యపోయారు. ఎందుకు ఎంచుకున్నామో ముందే చెప్పుకోవడం మంచిది.

2019 డిసెంబరు, 2020 జనవరి నెలలు సభ్యులందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో మా స్కూలుకు పిల్లల కంటే పెద్దవాళ్ళు ఎక్కువ వచ్చేవారు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ క్రితం చదువు మానేసినవాళ్ళు కూడా వచ్చి బోనఫైడ్ కావాలనీ, పుట్టిన తేదీ సరిచేయాలనీ, రిజిస్టరులో మహమ్మద్ అని ఉంటే ఆధార్‌లో మొహమ్మద్ అని ఉన్నదనీ వరండాలో నిలబడేవారు. అందులో ఒక పెద్దావిడ, మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. మనం ఈ దేశంవాళ్ళమని మొదట రాసింది ఎవరు, ఎప్పుడు రాశారు, ఏమని రాశారు అని. ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియంలో సాంఘికశాస్త్రం చెబుతున్న మాకు సమాధానం పూర్తిగా రాలేదు. సిగ్గనిపించింది. సెలవుల్లో కూర్చుని రాజ్యాంగసభ చర్చల సంపుటాలు తిరగేశాము. తొమ్మిదో సంపుటం, 1949 ఆగస్టు 10, 11, 12 తేదీలు. అక్కడ దొరికారు అల్లాడివారు.

కృష్ణస్వామి అయ్యర్‌గారు 1883 మే 14న నెల్లూరు జిల్లా పూడూరు గ్రామంలో పుట్టారు. తండ్రి ఏకామ్ర శాస్త్రిగారు పూజారి. ఆస్తిపాస్తులు చెప్పుకోదగ్గవి లేవు. 1899లో మెట్రిక్ పాసై, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చరిత్ర చదివి, ఆ తర్వాత లా చేసి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. సిఫారసులేని ఇంటి కుర్రవాడు మద్రాసులాంటి చోట వకీలుగా నిలదొక్కుకోవడమంటే మన పిల్లలకు తెలియనిది కాదు, వివరించనక్కరలేదు. 1929 నుండి 1944 వరకు పదిహేను సంవత్సరాలు మద్రాసు ప్రభుత్వానికి అడ్వకేట్ జనరల్‌గా ఉన్నారు. 1930లో దివాన్ బహదూర్, 1932లో సర్ బిరుదు వచ్చాయి. అంటే తెల్లవాళ్ళ సర్కారుకు వకీలు. ఉప్పు సత్యాగ్రహమప్పుడూ, క్విట్ ఇండియా అప్పుడూ ఆయన సర్కారు పక్షానే ఉన్నారు. ఈ సంగతి దాచి రాస్తే జీవితచరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

అయినా 1946లో రాజ్యాంగసభకు మనుషులు కావలసివచ్చినప్పుడు కాంగ్రెసువారే ఆయనను మద్రాసు తరఫున పంపించారు. ఆయన పార్టీ మనిషి కాదు. చట్టం తెలిసినవాడు కావాలి కాబట్టి పిలిచారు. 1947 ఆగస్టు 29న ఏడుగురితో డ్రాఫ్టింగ్ కమిటీ వేశారు. అంబేద్కర్‌గారు అధ్యక్షులు. అస్సాంకు చెందిన సయ్యద్ మహమ్మద్ సాదుల్లాసాబు, మున్షీగారు, గోపాలస్వామి అయ్యంగారు, అల్లాడివారు మొదలైనవారు సభ్యులు. పని ముగిశాక 1949 నవంబరు 25న అంబేద్కర్‌గారు సభలో మాట్లాడుతూ, ఆ కమిటీలో తనకంటే పెద్దవారూ సమర్థులూ ఉండగా తనను అధ్యక్షుణ్ణి చేయడం తనకే ఆశ్చర్యమైందని చెప్పి, ఉదాహరణకు అల్లాడివారి పేరే తీసుకున్నారు. ఒక తమాషా కూడా చెప్పాలి. సర్కారు ఇక బిరుదులు ఇవ్వరాదని రాసిన 18వ అధికరణం తయారుచేసిన కమిటీలో సర్ అల్లాడి కూర్చుని ఉన్నారు.

ఇక మన హైదరాబాదు సంగతి. ఆ మూడు రోజుల చర్చ జరిగేనాటికి పోలీసు యాక్షన్ జరిగి పదకొండు నెలలు. 1948 సెప్టెంబరు 13న మొదలై 17తో ముగిసింది కదా. మన రియాసత్ నుండి రాజ్యాంగసభలో ఒక్క సభ్యుడూ లేడు. నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరు చివరిలో. అప్పటికి పౌరసత్వపు అధికరణాలు సభలో ఆమోదం పొంది మూడు నెలలు దాటింది. చార్మినార్ చుట్టుపక్కల ఉన్న లక్షలమంది ఎవరో, ఎక్కడివారో తేల్చే మాటలు ఢిల్లీలో జరుగుతుంటే, అక్కడ మన తరఫున లేచి నిలబడేవాడు లేడన్నమాట. పాఠకులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అప్పుడు బస్తీలో పరిస్థితి పెద్దలు చెప్పగా విన్నదే. కొందరు బొంబాయి వెళ్ళి ఓడ ఎక్కి కరాచీ పోతున్నారు. కొందరు పోయి తిరిగి రావాలని చూస్తున్నారు. బర్కస్‌లో చావుషుల ఇళ్ళలో వేరే భయం. వాళ్ళ తాతలు హద్రమౌత్ నుండి వచ్చి నిజాం ఫౌజులో చేరినవాళ్ళు. వాళ్ళు కాపురమున్న బ్యారక్సే నోళ్ళలో నలిగి బర్కస్ అయింది. యాక్షన్ తరువాత అరబ్బులను చాలామందిని పట్టి నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు కూడా. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్ళిచేసుకుని, దక్కనీ తప్ప ఇంకో మాట సరిగా రానివాడు ఏ దేశంవాడు? ఈ ప్రశ్న ఆ రోజుల్లో పుస్తకాల్లో ప్రశ్న కాదు, ఇంటి గుమ్మంలో ప్రశ్న.

మా ఇంట్లోనూ ఉన్నది. మా దాదాగారి తమ్ముడు, మేము ఛోటే దాదా అనేవాళ్ళం, 1949లో కరాచీ వెళ్ళారు. ఉద్యోగం దొరికితే కొన్నాళ్ళు చేసి వస్తానని వెళ్ళారట. రాలేదు. మా చిన్నతనంలో ఒక్కసారి, మా ఫుప్పీ కూతురి పెళ్ళికి, వీసా మీద వచ్చారు. శాలిబండలో పుట్టిన మనిషి శాలిబండకు వచ్చి, మర్నాడు పొద్దున్నే షేర్వాణీ తొడుక్కుని పోలీసు ఆఫీసుకు వెళ్ళి, వచ్చానని రాయించుకోవలసివచ్చింది. మా దాదాగారు తోడు వెళ్ళారు. ఒకే తల్లి బిడ్డలు. ఒకరు బల్లకు ఇవతల కుర్చీలో కూర్చుంటే, ఇంకొకరి పేరు విదేశీయుల పుస్తకంలో రాశారు. ఇద్దరూ తిరిగొచ్చి ఏమీ జరగనట్టే చాయ్ తాగారని మా దాదీ ఎప్పుడూ చెప్పేది.

ఇక సభ. 1949 ఆగస్టు 10న అంబేద్కర్‌గారు పౌరసత్వపు ముసాయిదాను మార్చి ప్రవేశపెట్టారు. ఇంకొక్క అధికరణం తప్ప, మొత్తం రాజ్యాంగంలో ఇంత తలనొప్పి తెచ్చిన అధికరణం మరొకటి లేదని ఆయనే ఒప్పుకున్నారు. ఎన్నో ముసాయిదాలు రాశారు, చింపారు. సవరణలు వందకు పైగా వచ్చిపడ్డాయి. దేశం రెండుగా చీలి రెండేళ్ళు. పంజాబు నుండి వచ్చినవాళ్ళు శిబిరాల్లో ఉన్నారు. సభ్యుల గుండెలు మండుతున్నాయి. దానిని మనం తప్పుపట్టలేము.

ముసాయిదాలో ఉన్నదేమిటి? రాజ్యాంగం మొదలయ్యే నాటికి ఎవరికి ఇక్కడ స్థిరనివాసం ఉన్నదో, వారు ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రులలో ఒకరు ఇక్కడ పుట్టినా, లేదా అయిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, పౌరులే. పాకిస్తాన్ నుండి వచ్చినవారు 1948 జూలై 19కి ముందు వస్తే, వచ్చినప్పటి నుండి ఇక్కడే ఉంటే చాలు. ఆ తేదీ తర్వాత వస్తే రిజిస్టరు చేయించుకోవాలి. ఆ తేదీ ఎందుకంటే పర్మిట్ల పద్ధతి ఆ రోజున మొదలైంది. 1947 మార్చి 1 తరువాత ఇక్కడి నుండి పాకిస్తాన్ వలస వెళ్ళినవారు పౌరులు కారు. అయితే శాశ్వతంగా తిరిగివచ్చి స్థిరపడడానికి పర్మిటు ఇచ్చి సర్కారే రానిచ్చినవారికి దారి ఉంచారు.

గొడవ అంతా ఈ చివరి ముక్క మీద, ఇంకొక ముక్క మీద జరిగింది. సంయుక్త రాష్ట్రాల జస్పత్ రాయ్ కపూర్‌గారు, ఒకసారి పోయినవాడికి మళ్ళీ చోటేమిటని గట్టిగా అభ్యంతరం చెప్పారు. దాని వెనుక ఆస్తుల సంగతి ఉన్నది. పోయినవాళ్ళ ఇళ్ళు కస్టోడియన్ చేతిలో ఉన్నాయి, వాళ్ళు తిరిగొస్తే అవి వెనక్కి అడుగుతారని శంక. రెండోది పి. ఎస్. దేశ్‌ముఖ్‌గారి సవరణ. ఈ ముసాయిదాతో భారత పౌరసత్వం లోకంలోకెల్లా చౌక అయిపోతుందని ఆయన వాదం. అందుకని, వేరే దేశపు పౌరుడు కాని ప్రతి హిందువూ, ప్రతి సిక్కూ, ఎక్కడ నివసిస్తున్నా సరే, భారత పౌరుడని రాయమన్నారు. అటువైపు బీహారు సభ్యుడు బ్రజేశ్వర్ ప్రసాద్‌గారు భయంతో పారిపోయిన ముసల్మానుల పౌరసత్వం తీసేయరాదని మాట్లాడారు. సభలో అన్ని రకాల మాటలూ వినబడ్డాయన్నమాట. సభ అంతా ఒకే గొంతుతో మాట్లాడిందని ఇవాళ ఎవరైనా చెబితే సంపుటం తెరిచి చూపించవచ్చు.

ఆగస్టు 12న అల్లాడివారు లేచారు. ఆయన ఉపన్యాసం చదివితే ఏ ముసల్మాను మీదా జాలి కనబడదు, ఏ కాందిశీకుడి మీదా కోపం కనబడదు. కోర్టులో వాదన ఎలా ఉంటుందో అలా ఉంది. మొదట ఆయన చెప్పింది, ఇది పూర్తి జాతీయతా చట్టం కాదని. రాజ్యాంగం మొదలయ్యే రోజున పౌరులెవరో చెప్పడం వరకే దీని పని. తరువాత రాబోయేవాళ్ళ సంగతి, పోగొట్టుకునేవాళ్ళ సంగతి పార్లమెంటు చట్టం చేసి చూసుకుంటుంది. సగం సవరణలు ఈ ఒక్క మాటతోనే పక్కకుపోతాయి. తరువాత స్థిరనివాసం గురించి. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళకు తగిలేది ఇదే. స్థిరనివాసం అంటే మనిషి ఇవాళ ఎక్కడ పడుకున్నాడని కాదు, ఇల్లు అని దేనిని అనుకున్నాడని. మన కుర్రవాళ్ళు జెద్దాలో పదిహేనేళ్ళు డ్రైవరు పని చేసినా మొగల్‌పురాలో ఇంటికి డబ్బు పంపుతూ తిరిగొచ్చే మనసుతో ఉంటే వాళ్ళ స్థిరనివాసం ఇక్కడే. అదే విధంగా చావుషు తాత హద్రమౌత్‌లో పుట్టినా మనవడు బర్కస్‌లో పుట్టి ఇదే ఇల్లనుకుంటే అతడిదీ ఇక్కడే. ఈ ఉదాహరణలు మావి, ఆయనవి కావు. కానీ ముసాయిదాలో పుట్టుకను ఒంటరిగా వదలకుండా స్థిరనివాసంతో ముడిపెట్టడంలో ఉన్న తెలివి ఇదే. దారిన పోయేవారి బిడ్డ ఊరికే పౌరుడైపోతాడనే దేశ్‌ముఖ్‌గారి బెంగకు జవాబూ అందులోనే ఉన్నది.

ఆ తరువాత అసలు మాట. తేడా చూపించడానికి చట్టానికి హక్కు లేదని ఆయన అనలేదు. తన ఇష్టంతో, తెలిసి, ఇంకొక దేశాన్ని ఇల్లుగా ఎంచుకున్నవాడికీ, ఈ దేశంతో సంబంధం ఉంచుకోదలచినవాడికీ తేడా చూపవచ్చునన్నారు. అయితే జాతిని బట్టి, మతాన్ని బట్టి ఒక రకం మనుషులకూ ఇంకొక రకానికీ తేడా చూపడం కుదరదన్నారు. లౌకిక రాజ్యమని మనం మాట ఇచ్చి ఉన్నాము, ఎన్నో సందర్భాల్లో అదే మన విధానమని చెప్పి ఉన్నాము, ఇప్పుడు వెనక్కి పోలేమని ఆయన తాత్పర్యం. అదే రోజు నెహ్రూగారూ, గోపాలస్వామి అయ్యంగారూ పర్మిట్ల నిబంధనను సమర్థించారు. శాశ్వతంగా తిరిగొచ్చినవారు దేశం మొత్తం మీద కొద్ది వేలమందే, దానికి ఇంత భయం దేనికని లెక్క చెప్పారు. ఓటుకు పెట్టారు. దేశ్‌ముఖ్‌గారి సవరణ ఓడింది. ముసాయిదా నిలిచింది. అవే నేటి 5 నుండి 9 వరకు అధికరణాలు. మిగతా రాజ్యాంగం చాలావరకు 1950 జనవరి 26న మొదలైతే, ఇవి 1949 నవంబరు 26నే అమలులోకి వచ్చాయి.

మాకు ఇందులో నచ్చిందేమిటంటే, అల్లాడివారికి మనతో ఏ చుట్టరికమూ లేదు. ఓట్లు అడగవలసిన అవసరమూ లేదు. మన మీద ప్రేమతో మాట్లాడిన మనిషి రేపు ప్రేమ తగ్గితే మాట మార్చవచ్చు. ఇచ్చిన మాటకు, చట్టానికి కట్టుబడి మాట్లాడినవాడు అలా మార్చలేడు. మా సహోపాధ్యాయులు ఒకరు దీనిని ఒప్పుకోరు. ఆనాడు పార్టీ నాయకత్వం అటే ఉన్నది, ఆయన అదే చెప్పారంటారు. ఉండవచ్చు. కానీ ఆయనకు నోరుమూసుకుని కూర్చునే అవకాశం కూడా ఉన్నది కదా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాకిస్తాన్ వలస వెళ్ళడం అని రాశారుగాని, వలస అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. చుట్టాలను చూడబోయి ఇరుక్కుపోయినవాడు వలస వెళ్ళినట్టా? వైద్యానికి వెళ్ళిన ఆడమనిషి? 1955లో బీహారు నుండి వచ్చిన కేసులోనూ, 1966లో కేరళ నుండి వచ్చిన కేసులోనూ సుప్రీంకోర్టు ఈ ఒక్క పదం మీదనే తల బద్దలుకొట్టుకున్నది. ఇంత పెద్ద వకీలు కమిటీలో ఉండి ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఎన్ని కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగకుండా ఉండేవో. మా ఛోటే దాదా ఉద్యోగానికని వెళ్ళారన్నాము కదా, ఆయన వలస వెళ్ళినట్టా కాదా అని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. ఇంకొకటి, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన 21వ అధికరణంలో అమెరికావారి పద్ధతిలో కోర్టులకు విస్తారమైన అధికారం ఇవ్వడానికి అల్లాడివారు ఒప్పుకోలేదు. జడ్జీలు శాసనసభల చేతులు కట్టేస్తారని ఆయన భయం. ఆ విషయంలో ఆయన వాదన మాకు నచ్చదు.

ఆశ్రయం కోరి వచ్చేవారి సంగతి ఆనాడే విడిగా చట్టం చేయకుండా మిగిలిపోయింది. 1951లో జెనీవాలో కాందిశీకుల ఒడంబడిక తయారైతే భారతదేశం అందులో సంతకం పెట్టలేదు. బ్రిటిషువాళ్ళ నాటి 1946 విదేశీయుల చట్టమే చాలాకాలం విదేశీయుడికీ కాందిశీకుడికీ ఒకటిగా నడిచింది. పౌరసత్వానికి మాత్రం అల్లాడివారు చెప్పినట్టే పార్లమెంటు 1955లో చట్టం చేసింది. చూడడానికి ఆయన లేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నెల్లూరు జిల్లా అందులో చేరింది. రెండు రోజులకు, అక్టోబరు 3న, అల్లాడివారు కాలం చేశారు.

2019 డిసెంబరులో పార్లమెంటు ఆ 1955 చట్టాన్ని సవరించింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి 2014 డిసెంబరు 31 లోపల వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులకు దారి సులువు చేసింది. ముసల్మానుల పేరు అందులో లేదు. నియమాలు 2024 మార్చిలో వచ్చాయి. కేసులు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. మన సొసైటీ రాజకీయాల జోలికి పోదు, మేమూ పోము. 1949లో ఇదే ప్రశ్న సభలో లేచిందనీ, అప్పుడు సభ ఒక సమాధానం చెప్పిందనీ మాత్రం పిల్లలకు తెలిసి ఉండాలని రాస్తున్నాము.

అల్లాడివారి కొడుకుల్లో ఒకరైన రామకృష్ణన్‌గారు భౌతికశాస్త్రవేత్త, 1962లో మద్రాసులో గణితశాస్త్ర సంస్థను స్థాపించారు. ఇంకొకరు కుప్పుస్వామిగారు మన ఊరికే వచ్చారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా ఉండి, ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంటే మదీనా బిల్డింగు దాటి మూసీ ఒడ్డున, నిజాం కట్టించగా 1920లో తెరిచిన ఆ ఎర్రరాతి భవనంలోనే. పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకున్నాడని మన రాష్ట్ర పోలీసులు దేశం దాటించబోయిన ఒక మనిషి వ్యవహారం కూడా ఇదే హైకోర్టు మెట్లెక్కి 1962లో సుప్రీంకోర్టులో తేలింది. అతడు పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అన్నది ముందు కేంద్రప్రభుత్వం విచారించి తేల్చాలి, అంతవరకు రాష్ట్రం వెళ్ళగొట్టరాదని తీర్పు.

స్కూలుకు వచ్చిన ఆ పెద్దావిడ మళ్ళీ మూడు నెలలకు బోనఫైడ్ తీసుకోవడానికి వచ్చింది. మేము 12 ఆగస్టు 1949 అని ఒక చీటీ మీద ఉర్దూలో రాసి, అల్లాడివారి పేరూ రాసి ఇచ్చాము. ఆవిడ దానిని మనవడి చేత చదివించుకుని, మడిచి, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది.